ఆరని ఎరుపు

దోనా ఫెలిస్మీనా తన చూపుడువేలిని ఇన్‌స్పెక్టర్ కింతేలా ముఖం మీదికి చాచింది. వేలి కొస ఎర్రగా ఉంది.

"చూడండి, మీరే చూడండి! రోజూ పొద్దున్నే లేచి ఆ వెనక్కి తిరిగిన పువ్వు మీద వేలు పెట్టి మా అమ్మను తలుచుకుంటాను. పెళ్లయిన నాటి నుంచీ ఇదే అలవాటు. ఇవాళ వేలు పెడితే రంగు అంటుకుంది. మా ముత్తవ్వల కాలం నాటి బొమ్మ ఇప్పుడు పచ్చిగా ఉండటమేమిటండీ? నా బొమ్మ ఎవరో ఎత్తుకుపోయారు. ఈ దిక్కుమాలిన నకలు తగిలించిపోయారు!"

కింతేలా గోడ దగ్గరికి వెళ్లాడు. బొమ్మ చిన్నది, చాచిన అరచేతి కంటే కాస్త పెద్దది. చెక్క పలక మీద నూనె రంగులు. మట్టి కూజాలో ఎర్ర కార్నేషన్లు, ఒక తెల్ల గులాబీ, కూజా అంచున రాలిన రెండు రేకులు. ఒక్క కార్నేషన్ మాత్రం మనకు వీపు చూపిస్తూ గోడవైపు తిరిగి ఉంటుంది. చట్రం పాతదే. పలక కూడా పాతదే. పనితనం ఎంత బాగుందంటే, వేలికి రంగు అంటకపోతే మ్యూజియం వాళ్లు కూడా నోరు మూసుకుని చూసి వెళ్లేవాళ్లు.

అతను చిటికెన వేలితో రేకు అంచు తాకి, వాసన చూశాడు. 

లవంగ నూనె.

రంగు తొందరగా ఆరకుండా కొందరు అందులో లవంగ నూనె కలుపుతారు, ఒకటో రెండో చుక్కలు. మందుల కొట్టులో సీసా ఒలికినట్టు ఇంత ధారాళంగా కలిపే మనిషి లిస్బన్ మొత్తం మీద ఒక్కతే ఉంది. పన్నెండేళ్లు ఆ వాసన అతని దిండుకు ఉండేది, చొక్కా కాలర్లకు ఉండేది, ఆదివారం వండిన కాడ్ చేపకు కూడా ఉండేది. పాత బొమ్మలు బాగుచేసే ఓతీలియా. ఒకప్పుడు అతని భార్య. మూడేళ్ల క్రితం పెట్టె సర్దుకుని వెళ్లిపోయింది. వెళ్లినావిడ ఒంటరిగా ఉన్నా ఇంత మంట ఉండేది కాదు. వెళ్లింది దువార్త్ ఫల్కాతు దగ్గరికి.

"ఏమైనా తెలిసిందా సార్?" గుమ్మం దగ్గర నుంచి కానిస్టేబులు రెబేలు అడిగాడు.

"పచ్చిగానే ఉంది," అన్నాడు కింతేలా, చిటికెన వేలిని రుమాలుతో తుడుచుకుంటూ.  ఈ వాసన సంగతి బయటపెడితే సాయంత్రానికల్లా ఓతీలియా జైల్లో ఉంటుంది. పెట్టకపోతే తను పోలీసు ఉద్యోగం చేస్తున్నట్టు కాదు. వెధవ ఉద్యోగం, ఈ కేసు ఇంకెవడికైనా రాకూడదా?

"ఎవరో ఏమిటి, ఎవరో?" గది మూల నుంచి ఒక గొంతు లేచింది. తలుపు పక్కన కుర్చీలో ఫెలిస్మీనా అక్క, దోనా ఎర్మీనియా, చేతిసంచి ఒళ్లో పెట్టుకుని నిటారుగా కూర్చుంది. "నా పేరు చెప్పవేం? పొద్దున్నుంచీ నీ కడుపులో ఉన్నది అదేగా."

"నేనన్నానా? నువ్వే అంటున్నావు. నిన్న సాయంత్రం టీకి వచ్చి, నేను వంటింట్లో ఉన్నంతసేపూ ఈ గదిలో ఒక్కదానివే ఉన్నావు."

"టీ అట, టీ! గోరువెచ్చటి నీళ్లు!"

కింతేలా చేయెత్తి ఇద్దరినీ ఆపాడు. "ఒకరి తర్వాత ఒకరు. దోనా ఫెలిస్మీనా, నిన్న పొద్దున బొమ్మ ముట్టుకున్నారా?"

"ముట్టుకున్నాను. ఎండిపోయి గరుగ్గా, ఎప్పట్లాగే ఉంది."

"ఇల్లు వదిలి ఎప్పుడు వెళ్లారు?"

"మధ్యాహ్నం. పండుగని పక్కింటి పెరట్లో సార్డీన్ చేపలు కాలుస్తుంటే పిలిచారు. తాళం వేసే వెళ్లాను. తిని, రెండు పాటలు విని వచ్చాను. అటుపైన ఈ మహాతల్లి వచ్చింది."

"ఈ బొమ్మ మీద మీకు ఆశ ఉందా అమ్మా?" కింతేలా ఎర్మీనియా వైపు తిరిగాడు.

"ఉందా అంటారేమిటండీ? ఊపిరి ఉన్నంతకాలం ఉంటుంది!" ఆవిడ ఏమాత్రం తడుముకోలేదు. "ఇది గీసిన వియొలాంత ఫుర్తాదు మా వంశంలో పెద్ద కూతురు. ఆవిడ మనసు పడ్డవాణ్ణి చెల్లెలు పెళ్లాడింది. పెళ్లి కానుకగా ఈ బొమ్మ గీసిచ్చింది. ఆ వెనక్కి తిరిగిన పువ్వు ఎవరనుకుంటున్నారు? ఆవిడే. మీ మొహం చూడను పొమ్మని అర్థం. అప్పటి నుంచీ బొమ్మ ఎప్పుడూ చిన్న కూతురికే పోవాలని మా ఇంట్లో ఆచారం పెట్టారు. ఏడ్చిందేమో పెద్దది, బొమ్మేమో చిన్నదానికి! ఇదేం న్యాయం? నేనే గనక ఎత్తుకుపోదలిస్తే నకలు పెట్టి వెళ్లేదాన్ని కాదు. ఖాళీ మేకు వదిలి వెళ్లేదాన్ని. పొద్దున్నే లేచి ఖాళీ గోడ చూసి ఇది ఏడవాలి కదా, అదీ నాకు కావలసింది!"

కింతేలాకు ఆవిడ మీద చప్పున గౌరవం కలిగింది. తన కడుపులో ఉన్నది ఇంత నిక్కచ్చిగా పైకి చెప్పగలిగితే ఎంత హాయి!

అతను ఆలోచిస్తూ కిటికీ దాకా నడిచాడు. బొమ్మకు సరిగ్గా కింద, చిన్న బల్ల మీద మంజెరికు కుండీ ఉంది. సెయింట్ ఆంటోనీ పండుగకు ప్రతి ఇంటా కొనే చిట్టి తులసి మొక్క, గుండ్రటి బంతిలా కత్తిరించినది. దాన్ని ముక్కు పెట్టి వాసన చూస్తే మొక్క వాడిపోతుందంటారు. అందుకే ఈ ఊళ్లో పుట్టినవాడెవడైనా దాని పక్కగా వెళితే అరచేత్తో ఒకసారి ఆకులు నిమిరి, ఆ చేతిని ముక్కు దగ్గర పెట్టుకుంటాడు. చెయ్యాలని చెయ్యడు, చెయ్యి దానంతటదే పోతుంది. కింతేలా చెయ్యి కూడా అలాగే పోయింది.

అరచెయ్యి ముక్కు దగ్గరికి వచ్చింది. తులసి వాసన, దాని వెనకే లవంగం. చేతిని వెలుతురులోకి తిప్పాడు. అరచేతిలో సన్నటి ఎర్ర చార.

వంగి చూశాడు. పై ఆకుల మీద ఎరుపు పూత. పచ్చి బొమ్మను పట్టుకుని వచ్చినవాడు, వేళ్లకు రంగు అంటిందని చూసుకోకుండా, గోడకు తగిలించి, పోతూ పోతూ అలవాటు కొద్దీ మొక్కను నిమిరాడు. నిమిరాక ఊరుకోడు. చేతిని ముక్కుకు పెట్టుకుంటాడు.

"ఈ కుండీ ఎవరు పెట్టారిక్కడ?"

ఫెలిస్మీనా కాస్త తల దించుకుంది. "నేనే. పండుగ ముందు రోజు కొన్నాను. మా అక్కకు తులసి పడదు. దగ్గరికొస్తే చాలు, తుమ్ములే తుమ్ములు. బొమ్మ దగ్గరికి రాకుండా ఉంటుందని..."

"విన్నారా? కుక్కలకు కంచె వేసినట్టు నాకు కంచె!" ఎర్మీనియా లేచి రెండడుగులు వేసింది. మూడో అడుగు పడేలోపే ఇల్లెగిరిపోయేట్టు తుమ్మింది. మళ్లీ తుమ్మింది. రెబేలు ఆవిడను చెయ్యి పట్టి కుర్చీలో కూర్చోబెట్టాల్సి వచ్చింది.

అంటే ఈవిడ కాదు. ఈ మొక్కను నిమిరిన చెయ్యి ఈవిడది అయ్యే అవకాశమే లేదు. ఒక దారి మూసుకుపోయింది. మిగిలిన దారి ఓతీలియా ఇంటికి పోతుంది. ఎర్రబడ్డ ఆకులు నాలుగు గిల్లి జేబులో వేసుకుంటే ఎవరూ గమనించరు. కింతేలా చెయ్యి ఆకుల దాకా వెళ్లింది కూడా. అంతలో మెట్ల మీద బూట్ల చప్పుడు వినిపించింది. ఆ నడక అతనికి తెలుసు.

"ఓహో, పోలీసులు మనకంటే ముందే వచ్చారే!" దువార్త్ ఫల్కాతు లోపలికి అడుగుపెట్టాడు. బీమా కంపెనీ తరఫున దర్యాప్తులు చేసే మనిషి. తేలిక రంగు సూటు, మెరిసే బూట్లు, కారు ఆపడానికి ముందే ఎవరో చోటు పట్టి ఉంచినట్టుండే ధీమా. "దోనా ఫెలిస్మీనా, ఫోన్ చేసి మంచి పని చేశారు. ఇక మీరు దిగులు పడకండి."

కింతేలా అతని ముఖం వంక చూశాడు. మీసం లేదు. ఊరంతా పేరున్న మీసం, నూనె రాసి దువ్విన మీసం, నున్నగా గొరిగేసి ఉంది. పై పెదవి పాలిపోయి, కొత్తగా సున్నం కొట్టిన గోడలా ఉంది.

మొన్న, పండుగ ముందు రోజు కూడా ఆ మీసం ఉంది. ఆ సంగతి కింతేలాకు ఎలా తెలుసంటే, చెప్పుకోవడానికి సిగ్గుచేటు. మిఠాయి దుకాణం ఎదురుగా, పత్రికల బడ్డీ వెనక నిలబడి చూశాడు. ఓతీలియా నవ్వుతూ, ఆ మీసానికి అంటిన కస్టర్డును బొటనవేలితో తుడిచింది. తుడిచి ఆ వేలు నాకింది. ఆ రాత్రి కింతేలాకు అన్నం సహించలేదు.

"మీసం ఏమైంది?" అడిగాడు కింతేలా.

"దర్యాప్తు నా మీసం మీదనా?" ఫల్కాతు నవ్వాడు. "ఓతీలియా గొడవ. గుచ్చుకుంటోందట. ఆడవాళ్లు అడిగితే కాదంటామా? నీకు తెలియనిదేముంది."

కింతేలా బొమ్మ వైపు తిరిగాడు. 

"కేసు తేలికే," ఫల్కాతు గది మధ్యలో నిలబడి చెప్పసాగాడు. "వసంతంలో ఈ బొమ్మకు విలువ కట్టడానికి వచ్చినప్పుడు, పాత తాళం పనికిరాదని కొత్తది నేనే దగ్గరుండి పెట్టించాను. ఆ తర్వాత మళ్లీ ఈ గడప తొక్కలేదు. తాళం పగలగొట్టిన గుర్తు లేదు. అంటే దొంగను ఇంటివాళ్లే తలుపు తీసి పిలిచారు. నిన్న లోపలికి వచ్చింది ఒక్కరు. ఈ బొమ్మ కోసం పుట్టినప్పటి నుంచీ కుళ్లుకుంటున్న మనిషి. పెద్దావిడను స్టేషనుకు తీసుకెళ్లి నాలుగు ప్రశ్నలు అడిగితే బొమ్మ దానంతటదే బయటపడుతుంది."

"నోరు మూసుకోవయ్యా!" ఎర్మీనియా అరిచింది. "కుళ్లు నాదే, కాదనను. దొంగతనం మాత్రం నీ అమ్మమ్మది!"

"నాలుగు ప్రశ్నలు నిన్నడుగుతాను," అన్నాడు కింతేలా. "కొత్త తాళానికి చెవులు ఎన్ని వచ్చాయి?"

"రెండు. రెండూ ఆవిడకే ఇచ్చాం."

"రెండా?" ఫెలిస్మీనా కళ్లు పెద్దవి చేసింది. "నాకు ఒకటే ఇచ్చారండీ! రెండోది తర్వాత పంపుతానన్నారు. నేనే రెండుసార్లు ఫోన్ కూడా చేశాను."

"అలాగా? తాళం బిగించినవాడి దగ్గరే ఉండిపోయి ఉంటుంది. వాణ్ణి కనుక్కుంటాను."

"కనుక్కో. ఈలోపు ఇలా రా, బొమ్మ దగ్గరికి."

ఫల్కాతు వచ్చాడు. మంజెరికు కుండీకి ఆమడ దూరంగా, బల్లను చుట్టి అవతలి వైపు నుంచి వచ్చాడు. రెండు చేతులూ జేబుల్లో ఉన్నాయి.

కింతేలా ఆ జేబుల వంక చూశాడు. ఇది నిజమా, తన కుళ్లే ఇలా చూపిస్తోందా? వీడే దొంగ కావాలని మూడేళ్లుగా రోజుకో దేవుడికి మొక్కుకుంటున్నవాడికి, వీడు మీసం గీసుకున్నా నేరమే అనిపిస్తుంది. అందుకని మనసును పక్కన పెట్టి, కంటితో చూశాడు. ఫల్కాతు ముక్కుకు కిందగా, పై పెదవి గాడిలో, గుండుసూది తలంత ఎరుపు ఉంది.

"అదేమిటి?"

ఫల్కాతు చెయ్యి జేబులోంచి అప్రయత్నంగా పైకి లేచింది. "బ్లేడు గాటు. పొద్దున తొందరలో గీసుకున్నాను."

"పొద్దుటి గాటు ఈపాటికి నల్లబడి పొలుసు కట్టాలి. ఇది ఇంకా మెరుస్తోంది." అంటూనే కింతేలా రంగు అంటని చేత్తో ఇంకో జేబులోంచి ఉతికిన రుమాలు తీశాడు. ఫల్కాతు తల వెనక్కి తీసేలోపే ఆ చుక్కను అద్దేశాడు. రుమాలు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. తర్వాత రెబేలుకు అందించాడు. "వాసన చూసి చెప్పు. రక్తమేనా?"

రెబేలు గట్టిగా పీల్చాడు. "లవంగం, సార్! మా ఆవిడ పంటి నొప్పికి పెట్టుకునేది, అచ్చం అదే."

"ఇప్పుడు ఆ మొక్క ఆకులు చూడు. తర్వాత బొమ్మ చూడు. మూడు చోట్లా ఒకటే ఎరుపు, ఒకటే వాసన." కింతేలా ఫల్కాతుకు ఎదురుగా నిలబడ్డాడు. "నిన్న మధ్యాహ్నం ఆవిడ పక్కింటికి వెళ్లినప్పుడు రెండో చెవితో వచ్చావు. బొమ్మ మార్చావు. పోతూ మొక్కను నిమిరి, చెయ్యి ముక్కుకు పెట్టుకున్నావు. ఇంటికెళ్లి అద్దంలో చూసుకుంటే మీసం నిండా ఎరుపు. కడిగితే పోదు, ఆరిపోదు కూడా. గొరగక తప్పలేదు. ఓతీలియా అడిగిందట! పన్నెండేళ్లు నా ప్రాణం తీసింది, మీసం పెంచు, మీసం పెంచు అని. మీసమంటే పడి చస్తుంది ఆ మనిషి. నాకు మాత్రం అతుకులేసినట్టు అక్కడక్కడా మొలిచేది."

 ఎర్మీనియా సంతోషం ఆపుకోలేక చేతిసంచి మీద అరచేత్తో చరిచింది.

ఫల్కాతు ముఖంలో నవ్వు పోయింది. కింతేలా భుజం మీద చెయ్యి వేసి, కిటికీ దగ్గరికి నడిపించి, గొంతు తగ్గించాడు. "అంతా బాగానే చెప్పావు. ఆ నకలు గీసిందెవరో మాత్రం చెప్పలేదేం? వచ్చీ రాగానే నీకు తెలిసిపోయి ఉంటుంది. నా చేతికి బేడీ వేస్తే రెండో బేడీ ఆమె చేతికి. అంత ధైర్యం ఉందా నీకు?"

"ఆమె ఇష్టపడి చేసింది కాదు."

"ఎలా చెప్పగలవు?"

"అసలును మరపించాలనుకునేదైతే ఇంత లవంగ నూనె పొయ్యదు. ఆరకూడదనే పోసింది. ఎవరో ఒకరు పట్టుకోవాలనే పోసింది." నేనే పట్టుకోవాలని, అనబోయి ఆగిపోయాడు. అంతదాకా తనకే తెలియకుండా దాచుకున్న ఆశ అది.

ఫల్కాతుకు అర్థమైంది. జాలిగా చూశాడు, ఆ జాలే అన్నిటికంటే ఎక్కువ మండింది. "నీ కోసం అనుకున్నావా? పాపం! ఆమె దేనికైనా అంతే పోస్తుంది, కింతేలా. మా వంటింటి తలుపుకు రంగు వేసినా అంతే పోసింది. వారం రోజులు మోచేతులకు అంటుకుంటూనే ఉంది. నువ్వు ఆమెకు గుర్తొచ్చి ఎంత కాలమైందో!"

హాల్లో టెలిఫోన్ మోగింది. ఫెలిస్మీనా తీసి, "మీకే ఇన్‌స్పెక్టర్ గారూ, స్టేషను నుంచి" అంది.

అవతల డ్యూటీలో ఉన్న హెడ్డు గొంతు. "సార్, ఇక్కడికి ఒకావిడ వచ్చింది. పేరు ఓతీలియా... మీకు తెలిసిన ఆవిడే. కుంచెలూ, నూనె సీసా అన్నీ సంచిలో వేసుకొచ్చి బల్ల మీద పెట్టింది. బొమ్మ గీసిందీ తనేనట, మార్చిందీ తనేనట. ఎవరికీ సంబంధం లేదంటోంది. అసలు బొమ్మ ఎక్కడుందంటే మాత్రం నోరు విప్పడం లేదు."

"ఓతీలియానా?" అని కింతేలా పైకే అనేశాడు. "తనే మార్చానని చెప్పిందా?"

అన్న మరుక్షణం నాలుక కరుచుకున్నాడు. ఆ మాట గదిలో అందరూ విన్నారు. ఫల్కాతు ముఖంలోకి రంగు తిరిగి రావడం కింతేలా కళ్లారా చూశాడు. మొదట ఆశ్చర్యం, తర్వాత లెక్క, ఆ తర్వాత నిశ్చింత.

"ఎంత పని చేసింది!" అన్నాడు ఫల్కాతు, అందరికీ వినబడేలా, తల పట్టుకుని. "నా వెనకాల ఇంత జరిగిందా? తాళంచెవి నా కోటు జేబులో ఉండిపోయిందేమో, తీసుకుని ఉంటుంది. రంగంటావా, పొద్దున బయల్దేరేటప్పుడు నేనామెకు ముద్దు పెట్టాను. ఆమె వేళ్లూ బుగ్గలూ ఎప్పుడూ రంగే కదా. నీకు నేను చెప్పాలా?"

చెప్పక్కర్లేదు. పన్నెండేళ్లు కింతేలా ఆఫీసుకు మెడ మీద నీలమో పచ్చో అంటించుకునే వెళ్లాడు. మొక్క మీద ఎరుపూ ఆమెదే అంటారు, పెదవి మీద ఎరుపూ ఆమెదే అంటారు. ఇక మిగిలింది మీసం. ఆమెకు మీసమంటే ఇష్టమని కోర్టులో ఎవరు సాక్ష్యం చెప్పాలి? వదిలేసిన మొగుడా? జడ్జి నవ్వుతాడు.

"అసలు బొమ్మ ఆమె దగ్గర లేదు," అన్నాడు కింతేలా. "ఎక్కడుందో ఆమెకు తెలియదు. అందుకే చెప్పలేకపోతోంది. అది నీ దగ్గరుంది."

"రుజువు చెయ్యి. ఆమె జైల్లో ఉన్నంతకాలం నీకు బోలెడు తీరిక." ఫల్కాతు అక్కచెల్లెళ్లకు మర్యాదగా తల వంచాడు. ఎర్మీనియా అతని బూట్ల ముందు ఉమ్మినంత పని చేసింది. అతను పట్టించుకోకుండా గడప దాటాడు.

"వెంట వెళ్లు," కింతేలా రెబేలుతో అన్నాడు. "కంటిచూపు దాటనివ్వకు. అసలు బొమ్మను ఇవాళే ఇంకో చోటికి చేరవేస్తాడు." రెబేలు భారీ శరీరాన్ని ఈడ్చుకుంటూ మెట్ల వైపు పరుగెత్తాడు. అంతలోనే కింద కారు స్టార్టయిన చప్పుడు.

రిసీవర్ ఇంకా కింతేలా చేతిలోనే ఉంది. అవతలి మనిషి పిలుస్తూనే ఉన్నాడు. "సార్... సార్, ఉన్నారా?"

"చెప్పు. నా కోసం ఏమైనా అడిగిందా?"

"మీ కోసం కాదు సార్." హెడ్డు కాస్త ఇబ్బందిగా దగ్గాడు. "ఫల్కాతు గారికి ఇప్పుడే చెప్పొద్దని బతిమాలుతోంది. ఆయన పొద్దున్నుంచీ ఏమీ తినలేదట. ముందు నాలుగు మెతుకులు తిన్నాక నెమ్మదిగా చెప్పండి, లేకపోతే కంగారు పడతారు అంటోంది."

కింతేలా ఫోన్ పెట్టేశాడు. పన్నెండేళ్ల కాపురంలో తను తిన్నాడో లేదో అని ఓతీలియా ఎవరినైనా అడిగిందా అని గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించాడు. ఎంత ప్రయత్నించినా గుర్తు రాలేదు. టోపీ తీసుకుని, ఆమెను విడిపించడానికి బయల్దేరాడు.